స్పీకర్ వైర్లకు ఏ కనెక్టర్లు వేయాలి? బనానా, పిన్ను, లగ్గు, లేక ఉత్త తీగేనా?

లక్ష్మీపురం_హాలు:

అందరికీ నమస్కారం. గుంటూరులో కొత్త ఇంటి హాలుకి 5.1 (ఐదు స్పీకర్లు, ఒక సబ్ వూఫరు) వైరింగు చేయిస్తున్నాం. ఏవీ రిసీవరు (స్పీకర్లను నడిపే ఆంప్లిఫయరు పెట్టె) వెనక ఐదు చానళ్లకూ స్క్రూలా తిప్పే బైండింగ్ పోస్టులున్నాయి. ముందు రెండు టవర్ స్పీకర్లకూ, సెంటరుకీ కూడా అవే. వెనక గోడకి తగిలించే చిన్న సరౌండ్ స్పీకర్లు రెండింటికీ మాత్రం నొక్కితే తెరుచుకునే స్ప్రింగ్ క్లిప్పులు. అన్నీ 6 ఓముల స్పీకర్లే. వైరు ముందు స్పీకర్లకు ఒక్కోదానికి 4 మీటర్లు, సెంటరుకి 2 మీటర్లు. వెనకవాటికి గోడలో పైపు గుండా చుట్టూ తిరిగి వెళ్లాలి, కాబట్టి ఒక్కోదానికి 12 మీటర్లు పడుతుంది.

సందేహాలు ఇవి. వెనకవి చిన్న స్పీకర్లే కదా, సన్న వైరు చాలంటున్నారు, నిజమేనా? బనానా ప్లగ్గుల్లో (పోస్టు రంధ్రంలో గుచ్చే స్ప్రింగ్ పిన్నులు) స్క్రూతో బిగించేవి మంచివా, సోల్డరు చేసేవా? స్ప్రింగ్ క్లిప్పులకి ఏం వాడాలి? పాత ఇంట్లో వాడిన పారదర్శకం వైరు కొంత ఉంది, కొనలు నల్లబడ్డాయి, పనికొస్తుందా? ఎలక్ట్రీషియన్ మాత్రం ప్రతి స్పీకరు దగ్గరా ఒక 5 ఆంపియర్ సాకెట్ పెట్టి టూ పిన్ ప్లగ్గుతో తగిలిద్దాం, తీసి పెట్టుకోవడం తేలిక అంటున్నాడు. అది సరైనదేనా?

ఓమ్‌మీటర్:

చివరి ప్రశ్నకే ముందు జవాబు. ఆ 5 ఆంపియర్ సాకెట్ పని దయచేసి ఆపించండి. ఇంట్లో పిల్లలో, పనికొచ్చిన మనిషో, రేపు ఇంకో ఎలక్ట్రీషియనో ఆ స్పీకరు ప్లగ్గుని పక్కనున్న కరెంటు సాకెట్లో పెడితే 230 వోల్టులు నేరుగా స్పీకర్లోకి వెళ్తాయి. క్రాసోవరూ (శబ్దాన్ని వూఫరుకీ ట్వీటరుకీ పంచే సర్క్యూటు), వూఫరు కాయిలూ కాలిపోతాయి, నిప్పు రాజుకున్నా ఆశ్చర్యం లేదు. అదే సాకెట్లో ఎవరైనా సెల్ చార్జరు గుచ్చితే అది పని చేయదు, అప్పుడు ఇంకొకరు "సాకెట్‌కి సప్లై లేదు" అని విప్పి లైన్ కలిపేస్తారు. ఆ లైన్ మీ రిసీవరు ఔట్‌పుట్‌లోకి వెళ్తుంది. కరెంటు వైరింగుకి వాడే ప్లగ్గు, సాకెట్ ఆకారం స్పీకరు లైన్లో ఎక్కడా ఉండకూడదు.

ఇది అతి జాగ్రత్త కాదు. యూరప్‌లో టూ పిన్ ప్లగ్గు పిన్ను మందం 4 మి.మీ., బనానా ప్లగ్గు మందమూ 4 మి.మీ. రెండు బనానాలు జంటగా పోత పోసిన ప్లగ్గుల్లో మధ్య దూరం 19 మి.మీ., మన 5 ఆంపియర్ సాకెట్లో రెండు రంధ్రాల మధ్య దూరమూ అంతే. అంటే ఆ జంట ప్లగ్గు కరెంటు సాకెట్లో కూర్చుంటుంది. అందుకే అక్కడి భద్రతా నియమాల ప్రకారం స్పీకరు పోస్టుల రంధ్రాలకు ప్లాస్టిక్ బిరడాలు పెట్టి అమ్ముతారు. మీరు కూడా జంట ప్లగ్గులు కొనకండి, విడివిడిగా ఎరుపు, నలుపు ఉన్నవే తీసుకోండి.

ఇక వైరు మందం. స్పీకరు చిన్నదా పెద్దదా అన్నది కాదు, దాని ఓములెంత, వైరు పొడవెంత అన్నది లెక్క. పోయే దారి, వచ్చే దారి రెండూ కలిపి వైరు నిరోధం స్పీకరు ఓముల్లో 5 శాతం దాటకుండా చూసుకుంటే చాలు. 6 ఓములకి అది 0.3 ఓమ్. మంచి రాగి వైరు 1.5 స్క్వేర్ ఎంఎం అయితే కిలోమీటరుకి సుమారు 13.3 ఓములు, 2.5 అయితే సుమారు 8. మీ వెనక స్పీకరుకి 12 మీటర్లంటే రానూ పోనూ 24 మీటర్లు. 1.5 వేస్తే 0.32 ఓమ్, గీత దాటింది. 2.5 వేస్తే 0.19, హాయిగా సరిపోతుంది. ముందు స్పీకర్లకి 8 మీటర్లకు 1.5 వేసినా 0.11 ఓమే. అంటే మీకు చెప్పినదానికి సరిగ్గా తలకిందులు: దూరంగా ఉన్న చిన్నవాటికే లావు వైరు కావాలి. గోడలోకి పోయేది మళ్లీ మార్చలేరు కాబట్టి అన్నిటికీ 2.5 తీసుకోండి, గొడవ ఉండదు.

స్పీకరు వైరనే పేరుతో దొరికేదే కొనాలని లేదు. ఐఎస్ఐ గుర్తున్న ఇంటి వైరింగు రాగి వైరు 2.5, ఎరుపు ఒకటి నలుపు ఒకటి తీసుకుని రెండూ మెలిపెట్టి లాగితే నిరోధం లెక్కలో అదీ ఇదీ ఒకటే. ప్లస్, మైనస్ రంగుతోనే తెలుస్తుంది, అదొక సౌకర్యం. ఒకటే ఇబ్బంది. దాని పోగులు 0.3 మి.మీ. మందంవి, 36 ఉంటాయి. సన్న పోగుల స్పీకరు వైరుతో పోలిస్తే బిరుసుగా ఉంటుంది, కనెక్టరు మీద బరువు పడుతుంది. గోడలోకి అది భేషుగ్గా ఉంటుంది. బయట కదిలే చోట మెత్తని జంట వైరు నయం.

ఇంకొకటి మర్చిపోవద్దు. కరెంటు వైర్లున్న పైపులోనే స్పీకరు వైరు లాగనివ్వకండి, వేరే పైపు వేయించండి. రెండు పైపులూ ఎక్కడైనా దాటుకోవాల్సి వస్తే అడ్డంగా, లంబకోణంలో దాటాలి. పైపు లోపల ఎక్కడా అతుకు ఉండకూడదు. పైపు చివర గోడ పెట్టె దగ్గర ఒక జానెడు వైరు అదనంగా చుట్టి ఉంచమనండి. కొన పాడైతే కత్తిరించి మళ్లీ వేసుకోవడానికి అదే దిక్కు.

బెజవాడ_సోల్డర్:

వైరు సంగతి ఓమ్‌మీటర్ గారు తేల్చేశారు. నేను కొనల సంగతి చెప్తాను.

మీ లెక్క ప్రకారం ముందు మూడు స్పీకర్లకి రెండు వైపులా బనానాలు: ఆరు జతలు. వెనక రెండింటికి రిసీవరు వైపు బనానాలు: రెండు జతలు. స్పీకరు వైపు పిన్ను కనెక్టర్లు: రెండు జతలు. జత అంటే ఒక ఎరుపు, ఒక నలుపు. మొత్తం 8 జతలు బనానా, 2 జతలు పిన్ను. ఒక జత బనానా ఎక్కువ తెచ్చుకోండి, ఇత్తడి స్క్రూ మర ఒకటైనా చెడుతుంది. బెజవాడ గవర్నర్‌పేట వైపు ఎలక్ట్రానిక్ విడిభాగాల దుకాణాల్లో అడగండి. కొనేముందు ఒక ప్లగ్గు విప్పి చూపించమనండి. చూడాల్సింది బంగారు రంగు కాదు. పూత చాలా పలచన, అది చిలుము పట్టకుండా ఉండడానికే తప్ప శబ్దం మార్చడానికి కాదు. వైరు దూరే రంధ్రంలోకి 2.5 వైరు సులువుగా వెళ్తుందా, స్క్రూ గాడి లోతుగా ఉందా, ముందు స్ప్రింగ్ భాగం వేలితో నొక్కితే వెనక్కి ఉబ్బుతుందా, ఈ మూడూ చూడండి. అయస్కాంతం పెడితే ఒళ్లంతా అతుక్కుంటే అది ఇనుము మీద పూత, వదిలేయండి. పెద్ద బ్రాండ్ల పేర్లు ముద్రించిన నకిలీలు చాలా ఉన్నాయి, పేరు చూసి ఎక్కువ ఇవ్వకండి.

స్క్రూదా, సోల్డరుదా అంటే, మీకు స్క్రూదే. పక్కనుంచి రెండు చిన్న స్క్రూలు బిగించే రకం తీసుకోండి. ఒకే స్క్రూ ఉన్నవాటిలో వైరు తిరిగిపోతుంది. వెనక మూత బిగిస్తే తీగని విరబూయించి నొక్కే రకమూ ఉంది. అది సన్న పోగుల వైరుకి బాగుంటుంది గానీ ఇంటి వైరింగు వైరు బిరుసుకి సరిగ్గా పట్టదు.

వేసే పద్ధతి. జంట వైరుని ప్లగ్గుల మధ్య దూరానికి కావలసినంతే చీల్చండి, 5 సెంటీమీటర్లు చాలు. చీలిక మొదట్లో హీట్ ష్రింక్ స్లీవు (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం) ఒకటి వేస్తే ఇంకా చీలదు. ఇప్పుడు ప్లగ్గు మూతని వైరు మీదికి ఎక్కించండి. ఇది చివర్లో గుర్తొస్తే అంతా విప్పాలి. ప్లగ్గు రంధ్రం లోతు అగ్గిపుల్లతో కొలిచి అంతే తొడుగు తీయండి. మామూలుగా 10 నుంచి 12 మి.మీ. ఉంటుంది. బ్లేడుతో కోయకండి, స్ట్రిప్పర్లో వైరుకి తగిన గాడి వాడండి. 36 పోగుల్లో ఐదు తెగితే ఆ చోట 2.5 వైరు కాస్తా 2.15 అయిపోయింది, తెగిన ముక్కలు ఎక్కడో పడి షార్టు చేస్తాయి. పోగుల్ని అవి మెలి తిరిగిన వైపుకే ఇంకొంచెం తిప్పి బిగువు చేయండి.

దీనిమీద నేరుగా స్క్రూ బిగిస్తే స్క్రూ మొన తిరుగుతూ పోగుల్ని కొరుకుతుంది. అందుకని ముందు ఫెర్రుల్ వేయండి. ప్యానెల్ బోర్డుల వాళ్లు వాడే చిన్న రాగి గొట్టం అది, 2.5 సైజు అని అడిగితే వన్‌టౌన్ ఎలక్ట్రికల్ దుకాణాల్లో ఇస్తారు. దానికి క్రింపింగ్ టూల్ వేరే ఉంటుంది, నాలుగు వైపులా సమంగా నొక్కుతుంది. మామూలు కటింగ్ ప్లయరుతో నొక్కితే చదునవుతుంది, పట్టు రాదు. టూల్ దొరక్కపోతే ఫెర్రుల్ మానేయండి, అరకొరగా నొక్కిన ఫెర్రుల్ కన్నా ఉత్త తీగే నయం. రెండు స్క్రూలూ ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించండి. ఒకటే పూర్తిగా బిగిస్తే రెండోదాని కింద తీగ పక్కకి జారిపోతుంది. తర్వాత ప్లగ్గు పట్టుకుని వైరు గట్టిగా లాగి చూడండి. ఒకటి రెండు వారాల తర్వాత మళ్లీ ఒక పావు చుట్టు పడుతుంది, రాగి పోగులు ఒత్తిడికి సర్దుకుంటాయి కాబట్టి. ఆ రెండోసారి బిగింపు ఎవరూ చేయరు, ఏడాదికి చానలు గరగరలాడేది దానివల్లే.

స్ప్రింగ్ క్లిప్పులోకి 2.5 వైరు నేరుగా దూరదు. దూర్చడానికి సగం పోగులు కత్తిరించేవాళ్లున్నారు, అది వద్దు. పిన్ను కనెక్టరు వెనక 2.5 వైరు పడుతుంది, ముందు సుమారు 2 మి.మీ. పిన్ను వస్తుంది. పిన్ను మరీ పొడవుంటే క్లిప్పులో పూర్తిగా దిగదు, బయట మిగిలిన లోహం పక్కదానికి తగులుతుంది. క్లిప్పు లోతు చూసి, మిగిలిన మొదలు భాగానికి స్లీవు వేయండి. గోడ స్పీకరు కాబట్టి వైరు బరువు క్లిప్పు మీద వేలాడకుండా బ్రాకెట్‌కి ఒక టై కట్టండి, లేకపోతే ప్లాస్టిక్ మీట వదులైపోతుంది.

అరండల్‌పేట_ఫ్యాన్:

ఇంత అవసరమా అండీ? తీగ కొనకి సోల్డరు పూసేస్తే పోగులు చెదరవు, గట్టి పుల్లలా అవుతుంది. దాన్నే బైండింగ్ పోస్టు కింద బిగిస్తే ప్లగ్గుల ఖర్చే ఉండదు కదా.

ఓమ్‌మీటర్:

ప్లగ్గు లేకుండా ఉత్త తీగ బిగించడం తప్పేమీ కాదండీ. శుభ్రంగా బిగించిన రాగి తీగ ఏ ప్లగ్గుకీ తీసిపోదు. సోల్డరు పూయడమే తప్పు. తగరం, సీసం కలిసిన ఆ లోహం మెత్తనిది, స్క్రూ ఒత్తిడికి నెమ్మదిగా పక్కకి ఒదుగుతుంది. ఈరోజు గట్టిగా ఉన్నది కొన్ని నెలలకి వదులవుతుంది. పైగా సోల్డరు తొడుగు లోపలికి పాకి ఆగినచోట తీగ విరుగుతుంది, మెత్తని భాగమూ బిరుసు భాగమూ కలిసే చోటది. స్క్రూ కింద బిగించే ఏ కొనకీ సోల్డరు వద్దు: పోస్టైనా, ప్లగ్గైనా, కనెక్టర్ పట్టీ అయినా.

పోగులు చెదరకూడదంటే ఫోర్క్ లగ్గు, అంటే వైరు కొనకి నొక్కి బిగించే రెండు పళ్ల లోహపు బిళ్ల, మంచి దారి. చాలా పోస్టుల కాడ 6 మి.మీ. దగ్గర్లో ఉంటుంది, కొలిచి దానికి సరిపోయే నోరున్నది తీసుకోవాలి. లగ్గు రంగు వైరు మందాన్ని చెప్తుంది: ఎరుపు 1.5 వరకు, నీలం 1.5 నుంచి 2.5, పసుపు 4 నుంచి 6. మీకు నీలం. పక్కపక్క లగ్గులు ఒకదానికొకటి తగలకుండా పైకి ఒకటి కిందికి ఒకటి తిప్పి బిగించండి.

బెజవాడ_సోల్డర్:

పై మాటతో ఏకీభవిస్తున్నాను. సోల్డరు కోసం ప్రత్యేకంగా గిన్నెలాంటి గుంట ఉన్న ప్లగ్గులుంటాయి, వాటికి మాత్రం సోల్డరింగే చేయాలి. అక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు 25 వాట్ల ఐరన్ వాడడం. ఇత్తడి ముద్ద ఆ వేడంతా తాగేస్తుంది, సోల్డరు పైన బూడిదరంగులో గరుకుగా గడ్డకడుతుంది, లాగితే ఊడుతుంది. ఎక్కువసేపు పట్టుకుంటే వైరు తొడుగు వెనక్కి ముడుచుకుంటుంది. 60 వాట్లది, వెడల్పు మొన ఉన్నది తీసుకుని, ప్లగ్గుని బట్టలారేసే చెక్క క్లిప్పుతో పట్టుకుని, ముందు గుంటని వేడి చేసి గుగ్గిలం ఉన్న 60/40 (60 పాళ్లు తగరం, 40 సీసం) సోల్డరు సగం నింపి, అప్పుడు తీగ ముంచాలి. మెరుస్తూ తీగ చుట్టూ ఎక్కితే అతికినట్టు. చల్లారేదాకా కదపకూడదు.

నల్లబడిన పాత వైరు: కొన నుంచి 3 సెంటీమీటర్లు కత్తిరించి తొడుగు తీసి చూడండి. లోపల ఎర్రగా మెరుస్తుంటే వాడుకోండి. పారదర్శకం వైర్లలో ఆకుపచ్చ రంగు బారుగా లోపలికి పాకి ఉంటుంది, మన దగ్గర వానాకాలపు తేమకి తొందరగానే వస్తుంది. మెరిసే రాగి వచ్చేదాకా కోయండి, ఎంత కోసినా రాకపోతే పడేయండి. ఇంకో పరీక్ష కూడా చేయండి. ఒక పోగుని చాకుతో గీకండి. పైన ఎర్రగా, లోపల తెల్లగా ఉంటే అది అల్యూమినియం మీద రాగి పూత. దాని నిరోధం రాగికి సుమారు ఒకటిన్నర రెట్లు, స్క్రూ కింద ఇట్టే విరుగుతుంది. పైన తెల్లగా, లోపల ఎర్రగా ఉంటే తగరం పూసిన రాగి, అది మంచిదే. పారదర్శకం వైరులో ఒక తీగ తెల్లగా ఉండేది ప్లస్, మైనస్ గుర్తుకోసమే.

లక్ష్మీపురం_హాలు:

చాలా స్పష్టంగా చెప్పారు, సాకెట్ పని ఆపించాను. ఇంకో మూడు అడుగుతాను. రిసీవరు పోస్టుల మొహాన రంధ్రమే లేదు, ఎరుపు, నలుపు ప్లాస్టిక్ గుండీలు కనిపిస్తున్నాయి. టవర్ల వెనక గోడకి 5 సెంటీమీటర్లే చోటుంది. అన్నీ బిగించాక సరిగా ఉన్నాయని ఎలా తెలుసుకోవాలి?

బెజవాడ_సోల్డర్:

ఆ గుండీలే పైన చెప్పిన బిరడాలు. రిసీవరు ప్లగ్గు గోడనుంచి తీసేసి, పిన్నీసు మొనతో అంచున లేపితే ఊడి వస్తాయి. మొండికేస్తే సన్న స్క్రూ ఒకటి రెండు చుట్లు ఎక్కించి ప్లయరుతో లాగండి. ముక్కలు లోపల పడనివ్వకండి. బనానా గుచ్చేముందు పోస్టు తలని పూర్తిగా బిగించండి, వదులుగా ఉంటే ప్లగ్గుతో పాటు అదీ కదులుతుంది.

గోడకి 5 సెంటీమీటర్లలో నిలువు బనానా, దాని వెనక 2.5 వైరు వంపు పట్టవు. బలవంతంగా నెడితే పోస్టు లోపలి అతుకు పగులుతుంది. టవర్ల వైపు బనానా వద్దు. పోస్టు పక్క రంధ్రంలోంచి ఫెర్రుల్ వేసిన తీగని కింది నుంచి పైకి దూర్చి బిగించండి, లేదా ఫోర్క్ లగ్గు వేయండి. అలా చేస్తే బనానాలు 6 జతలే సరిపోతాయి.

ఓమ్‌మీటర్:

పరీక్ష రెండు దశల్లో. ముందు స్పీకరూ రిసీవరూ రెండూ ఊడదీసి ఉండగా మల్టీమీటరుతో ప్లస్, మైనస్ ప్లగ్గుల మధ్య చూడండి. బీప్ రాకూడదు, ఓములు అనంతం చూపాలి. ఆ వైరుని కదిపి, వంచి మళ్లీ చూడండి, ఒక్క పోగు తగిలినా అప్పుడు బయటపడుతుంది. తర్వాత స్పీకరు కలిపి రిసీవరు వైపు కొనల దగ్గర కొలవండి. 6 ఓముల స్పీకరుకి మీటరు సుమారు 4.5 నుంచి 5.5 చూపుతుంది, కాయిలు డీసీ నిరోధం రాసినదానికన్నా తక్కువే ఉంటుంది. అర ఓమ్ కూడా చూపకపోతే షార్టు. అంకె నిలకడగా లేకుండా ఎగిరితే ఎక్కడో స్క్రూ వదులు. ఇదంతా అయ్యేదాకా రిసీవరు ఆన్ చేయకండి. 6 ఓముల స్పీకరు 100 వాట్ల దగ్గర సుమారు 4 ఆంపియర్లు తీసుకుంటుంది. అంత కరెంటు పారే చోట షార్టయితే, రిసీవరులోని ప్రొటెక్షన్ సర్క్యూటు సమయానికి పట్టుకోకపోతే ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోతాయి.

ప్లస్, మైనస్ తారుమారైందా అని చూడడానికి 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ చాలు. రిసీవరు వైపు ప్లగ్గులు ఊడదీసి, సెల్ ప్లస్ ఎరుపుకి, మైనస్ నలుపుకి ఒక్క క్షణం తగిలించండి. వూఫరు కోను బయటికి రావాలి, లోపలికి పోతే ఎక్కడో వైర్లు మారాయి. ముందు రెండు స్పీకర్లలో ఒకటి తిరగబడితే బాస్ పలచబడుతుంది, మాట మధ్యలోంచి రాకుండా చెల్లాచెదురుగా వినిపిస్తుంది. రిసీవరు మైకుతో గది శబ్దం కొలిచేటప్పుడు "ఫేజ్ తేడా" (ప్లస్, మైనస్ మారాయి) అని వచ్చినా వెంటనే వైర్లు మార్చేయకండి. గోడల ప్రతిధ్వని వల్ల, స్పీకరు రకం వల్ల అది సరైన వైరింగుకీ వస్తుంటుంది. సెల్ పరీక్షలో కోను బయటికే వస్తుంటే ఆ హెచ్చరికని దాటవేసి కొలత కొనసాగించండి.